ఒక్కొక్కరే లేచి చెప్పండి

లెక్కల టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అనేది. ఊరు అబద్ధమేమీ ఆడలేదు. బడి పైకప్పు కారుతోందని ఆమె మూడేళ్లపాటు అర్జీలు పెట్టింది. చివరికి విద్యాధికారి విసుక్కుని, "అంత బాధగా ఉంటే ఎన్నికల్లో నిలబడండమ్మా, మీరే శాంక్షన్ చేసుకోవచ్చు" అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు పాపం. ఆమె మర్నాడే రాజీనామా రాసి ఆయన బల్ల మీద పెట్టింది.

భర్త దర్జీ. కుట్టుమిషను ఆపి, "ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకున్నావు కదే" అని కాసేపు గొణిగాడు. తర్వాత తనే కూర్చుని ఆమెకు టికెట్ ఇచ్చిన పార్టీ జెండాలు కుట్టాడు. చుట్టుపక్కల సగంమంది ఆమెకు ఎక్కాలు అప్పజెప్పినవాళ్లే. ఓటేయకపోతే గోడ పక్కన నిలబెడుతుందని భయపడ్డారో ఏమో, గెలిపించారు. పైకప్పు ఆ ఏడు వానలకు ముందే బాగుపడింది.

రెండోసారి గెలిచేసరికి పార్టీ అధికారంలోకి వచ్చింది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ముప్పైమంది కంటే తక్కువ పిల్లలున్న బళ్లన్నీ మూసేయాలని ఆ పార్టీయే బిల్లు తెచ్చింది. ఆమె బడిలో ఉన్నది ఇరవై ఆరుగురు. పక్క ఊరి బడికి పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు వెంట ఐదు కిలోమీటర్లు నడవాలి.

పార్టీ పెద్ద ఆమెను తన గదికి పిలిపించాడు.

"అక్కయ్యా, అందరూ అవునంటారు. మీరూ గొంతు కలపండి, లేదా ఊరుకోండి, ఎవరికీ తెలీదు. అడ్డం తిరిగారా, వచ్చేసారి టికెట్ ఉండదు."

శాసనసభలో పద్ధతే అది. సభాపతి అడుగుతాడు, అందరూ ఒక్కసారిగా అరుస్తారు, ఎటు గోల ఎక్కువైతే అటు తేలిపోతుంది. ఇరవై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషికి ఆ గోల సంగతి తెలియదా? క్లాసంతా కలిసి ఎక్కం చెబుతుంటే రానివాడు ఊరికే పెదాలాడిస్తాడు. అందుకే ఆమె ఒక్కొక్కరినీ లేపి అడిగేది.

ఆ రోజు "అవును" అన్న అరుపుతో సభ దద్దరిల్లింది. ఆమె లేచింది.

"ఇలా కుదరదండీ. పేరు పేరునా పిలవండి, ఒక్కొక్కరే లేచి చెప్పమనండి. రూల్సులో ఉంది, చదువుకునే వచ్చాను."

పార్టీ పెద్ద ముఖం మాడిపోయింది. అయినా ఒక్క సభ్యుడు అడిగినా పిలవాల్సిందే. పిలుపు మొదలైంది. ఇందాక గొంతు చించుకున్నవాళ్లే లేచి నిలబడేసరికి నీళ్లు నమిలారు. పైన గ్యాలరీలో విలేకరులు ఎవరేమన్నదీ రాసుకుంటున్నారు మరి. రేపు ఊళ్లో తల్లులకు మొహం చూపించాలి. తన వంతు రాగానే ఆమె "కాదు" అంది. వెనక బెంచీలో ఇంకెవరో "కాదు" అన్నారు. ఆ వెనక మరొకరు. బిల్లు నాలుగు ఓట్ల తేడాతో వీగిపోయింది.

వరండాలో పార్టీ పెద్ద దారికి అడ్డంగా నిలబడ్డాడు. మర్యాద కూడా మర్చిపోయాడు.

"నీ పని అయిపోయింది. ఈ మెట్లు మళ్లీ ఎక్కవు."

ఆమెకు భయం వేయలేదంటే అబద్ధం. అయినా సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కకపోతే మానె. రేపు పొద్దున ఇరవై ఆరుగురు పిల్లలు బడి మెట్లెక్కుతారు. వాళ్లని ఆపండి చూద్దాం."