సరే బాబాయి ఎంచుకున్న గడ్డియంత్రం

ఆ ఆసుపత్రి తోటమాలిని అందరూ 'సరే బాబాయి' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది వార్డుల్లోని నర్సులు. ఎవరు ఏ పని చెప్పినా ఆయన నోట ముందుగా వచ్చే మాట అదే. కుండీలు అటు జరపమంటే సరే, సాయంత్రానికి మళ్ళీ ఇటు జరపమన్నా సరే. నోట్లో నాలుక లేని మనిషని కొందరు జాలిపడేవాళ్ళు గానీ ఆయనకు అందులో బాధేమీ ఉండేది కాదు. చిన్నప్పటి నుంచీ ఆయన బతుకు అలాగే నడిచింది. ఈ ఉద్యోగం మేనమామ చూసిపెట్టాడు. సంబంధం అక్క ఖాయం చేసింది. ఇంటి గోడల రంగు మొదలు కాళ్ళకు తొడుక్కునే చెప్పుల దాకా భార్య ఇష్టమే. అదృష్టమేమిటంటే, వాళ్ళు ఎంచినవన్నీ ఆయనకు చక్కగా నప్పాయి. అందుకని యాభై ఆరేళ్ళు వచ్చినా తనకంటూ ఒకటి ఎంచుకోవలసిన పని పడలేదు.

ఆసుపత్రి చుట్టూ ఎనిమిదెకరాల ఖాళీ స్థలం ఉంది. ముందు వైపు రోగులు కూర్చునే పచ్చిక. వెనక వైపు పెద్ద మైదానం. ఒకప్పుడు అక్కడ పాత వార్డు ఉండేది. దాన్ని పడగొట్టాక ఇటుకముక్కలూ కంకరరాళ్ళూ మట్టిలో కలిసిపోయి, వాటి మీద గడ్డి మొలిచింది. బాబాయి, మరో ఇద్దరు పనివాళ్ళు కొడవళ్ళతోనూ, చేత్తో తోసే చిన్న యంత్రంతోనూ కోసుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఈ కొస పూర్తయ్యేసరికి ఆ కొసన గడ్డి మోకాలి ఎత్తుకు వచ్చేది.

ఆ ఏడు, జబ్బు నయమై ఇంటికి వెళ్ళిన ఒక వ్యాపారి ఆసుపత్రికి చిన్న ట్రాక్టరు కొనిచ్చాడు. ఎర్రగా, ముద్దుగా, బొమ్మలా ఉంది. ఇరవై ఎనిమిది హెచ్.పి. ఇంజను. వెనక ట్రాలీ ఒకటి ఉంది గానీ గడ్డి కోసే మోవర్ లేదు. అది విడిగా కొనుక్కోవాలి. సూపరింటెండెంట్ డాక్టరమ్మ బాబాయిని తన గదికి పిలిపించింది.

"మోవర్ ఏది కావాలో మీరే చూసి చెప్పండి. దాంతో పనిచేసేది మీరు కదా. గడ్డి సంగతి నాకేం తెలుసు?" అంది.

సరేనమ్మా అని బయటికి వచ్చాడు. మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయాడు. దేనికి సరేనన్నాడో అప్పటికి గానీ ఆయన బుర్రకు ఎక్కలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి సంగతి భార్య ముందు పెట్టాడు. ఆమె బట్టలు మడతపెడుతూ అంతా విన్నది. విని, చీరలు ఎంచమంటే ఎంచుతాను గానీ ట్రాక్టరు తోకకు ఏం కట్టాలో తనకేం తెలుసంది. ఆయన అక్కడే కూర్చుని ఇంకా ఆమె ముఖమే చూస్తూంటే, మడత ఆపి, "ఎనిమిదెకరాల్లో ఏ మూల ఏ మొక్క ఉందో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఈ ఒక్కటీ మీరే చూసుకోండి," అంది. ఆమె అంత మెల్లగా చెప్పిందంటే ఇక ఆ మాటకు తిరుగులేదని బాబాయికి తెలుసు.

మర్నాటి నుంచీ తలా ఒక సలహా. ముందుచక్రాలకూ వెనకచక్రాలకూ మధ్య, ట్రాక్టరు పొట్ట కింద బిగించే రకం కొనమన్నాడు కాంపౌండరు. పచ్చిక తివాచీలా వస్తుందట. వంటగది మేస్త్రి రెండు మేకల్ని కొనమన్నాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పింది అంబులెన్సు డ్రైవరు. స్టీరింగు ఉన్న ప్రతి వస్తువు మీదా తనకు హక్కుందని అతని నమ్మకం. కొంటే పెద్దదే కొనాలి, ఏడడుగుల రోటరీ కొంటే నాలుగు చుట్లలో మైదానం పూర్తవుతుందని చెప్పి, సెలవురోజున తనే బాబాయిని దుకాణానికి తీసుకువెళ్ళాడు.

దుకాణంలో సేల్స్‌మన్ మాటలు వడగళ్ళలా కురిశాయి. బాబాయి ఒక్కటి అడిగేలోగా అతను నాలుగింటికి జవాబులు చెప్పేశాడు. ఏడడుగుల రోటరీ మోవర్ ఒక మూల పెద్ద ఇనప తాబేలులా పడి ఉంది. దాని కింద మూరెడు పొడవు రెక్కలు రెండు గిర్రున తిరిగి గడ్డిని నరుకుతాయి. డ్రైవరు దాన్ని తట్టి, నిమిరి, ఇక చూసేదేముందన్నాడు. సేల్స్‌మన్ ఆర్డరు కాగితం రాసేశాడు. వెనక గోడవారన, ఒక పొడుగాటి గొట్టానికి చిన్న చిన్న సుత్తుల్లాంటి కత్తులు బోలెడు వేలాడుతున్న యంత్రం ఒకటి బాబాయి కంటపడింది. అదేమిటని అడుగుదామనుకున్నాడు. ఈలోగా సేల్స్‌మన్, "ఇదే ఖాయం కదండీ?" అన్నాడు. అలవాటు కొద్దీ బాబాయి సరేనన్నాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర కూర బాగుందో లేదో కూడా ఆయనకు తెలియలేదు.

పొద్దున్నే డ్యూటీకి వచ్చి, వెనక మైదానానికి వెళ్ళే దారి దగ్గర నిలబడ్డాడు. రెండు కంచెమొక్కల వరసల మధ్య సన్నటి బాట అది. టేపు పెట్టి కొలిచాడు. అయిదున్నర అడుగులు. ఏడడుగుల యంత్రం అందులో ఎలా దూరుతుంది? మైదానానికి మరో దారి లేదు. ట్రాక్టరు చక్రాల ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలిచాడు. నాలుగడుగులు. తరవాత బకెట్టు తీసుకుని గడ్డిలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. గంటలో రెండు బకెట్లు నిండాయి, పదడుగుల మేర కూడా శుభ్రపడలేదు. నడుం పట్టుకుని లేచి నిలబడేసరికి ఎదురుగా పిల్లల వార్డు కిటికీలు కనిపించాయి. ఒక కిటికీలో కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ ఒక పాప ఆయన్ని పలకరించింది. ఆయన కూడా చెయ్యి ఊపాడు. ఊపుతూనే ఆ మూరెడు రెక్కలు గుర్తొచ్చాయి. వాటికి తగిలిన రాయి ఎటు ఎగురుతుందో తట్టి చెయ్యి దించేశాడు.

బకెట్లు అక్కడే వదిలేసి, చేతులు కడుక్కుని, దుకాణానికి ఒక్కడే నడిచి వెళ్ళాడు. దారి పొడవునా ఏం చెప్పాలో లోలోపల వల్లెవేసుకున్నాడు. తీరా అక్కడికి వెళ్ళాక అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"అది వద్దండీ," అన్నాడు.

కాగితం రాసేశామన్నాడు సేల్స్‌మన్. ఇలాంటి యంత్రం మళ్ళీ దొరకదన్నాడు. పెద్దాయనకు వీటి సంగతి తెలియదేమోనని కూడా అన్నాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు.

"నాకు యంత్రాలు తెలియవు బాబూ. నేల తెలుసు. మా దారి అయిదున్నర అడుగులు. నేల నిండా రాళ్ళు. పక్కనే పిల్లలు పడుకునే గదులు. ఇప్పుడు చెప్పు, ఏది కొనమంటావు?"

లోపల లెక్కలు చూసుకుంటున్న దుకాణం యజమానురాలు ఆ మాట విని లేచి వచ్చింది. ఇంతవరకూ తమ దగ్గరికి వచ్చినవాళ్ళు ట్రాక్టరు బలం చెప్పారు గానీ నేల సంగతి ఎవరూ చెప్పలేదంది. ఇరవై ఎనిమిది హెచ్.పి.కి ఏడడుగుల బరువు ఎలాగూ మోపెడవుతుందని ఆమే ఒప్పుకుంది. గోడవారన ఉన్న సుత్తుల యంత్రాన్ని చూపించింది. దాన్ని ఫ్లెయిల్ మోవర్ అంటారు. రాయి తగిలితే సుత్తి వెనక్కి మడుచుకుంటుంది, వెనక మూతా రబ్బరు తెరా రాయిని దాదాపు బయటికి పోనివ్వవు. వెడల్పు నాలుగున్నర అడుగులు. చక్రాల జాడ తుడిచిపెట్టేంత ఉంటుంది, బాటలోనూ పడుతుంది. బాబాయి అంతా విని, చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి గానీ మా గడ్డి మీద ఒకసారి తిప్పి చూపించమన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని ఒక క్షణం ఆయనకే అనుమానం వచ్చింది.

మూడో రోజున సేల్స్‌మన్ చిన్న లారీలో రెండు యంత్రాలు తెచ్చాడు. ఒకటి అయిదడుగుల రోటరీ, రెండోది ఫ్లెయిల్. పిల్లల వార్డు వైపు ఎవరూ రాకుండా బాబాయి కాపలా పెట్టించాడు. కిటికీల తలుపులు మూయించి, వాటికి దూరంగా మైదానం ఆ కొసన మొదలుపెట్టమన్నాడు. అంతా దూరంగా నిలబడ్డారు. డాక్టరమ్మ కూడా వచ్చింది.

ముందు రోటరీ తగిలించారు. నడిపే పని డ్రైవరు తీసుకున్నాడు. పది గజాలు బ్రహ్మాండంగా వెళ్ళింది. డ్రైవరు వెనక్కి తిరిగి బాబాయి వంక చూసి మీసం దువ్వబోయాడు. అంతలో కింద నుంచి ఇటుకముక్క ఒకటి తూటాలా లేచి, కంచె అవతల ఆపిన దుకాణం లారీ పక్క అద్దాన్ని ఠంగున పగలగొట్టింది. సేల్స్‌మన్ వెళ్ళి గాజుముక్కలు ఏరుకున్నాడు. వచ్చినప్పటి నుంచీ అతను అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

తరవాత ఫ్లెయిల్. ఈసారి డ్రైవరు దిగి, తాళంచెవి బాబాయి చేతిలో పెట్టాడు. ఆయన మెల్లగా, నడిచే మనిషి అడుగంత వేగంతో పోనిచ్చాడు. పిట్ట కొంచెం కూత ఘనమన్నట్టు చప్పుడు మాత్రం గట్టిగానే చేసింది. లోపల రాళ్ళు టకటకా మూతకు తగిలి అక్కడికక్కడే కింద పడ్డాయి. మోకాలెత్తు గడ్డి సన్నటి పొడిలా నేల మీద పరుచుకుంది. ఎత్తిపోసే పని కూడా లేదు. డాక్టరమ్మ వంగి ఆ పొడిని పిడికిట్లోకి తీసుకుని చూసింది. ముందున్న పచ్చిక మరీ తివాచీలా రాదేమోనంది. రాదమ్మా అని బాబాయి ఒప్పుకున్నాడు. ముందరి పచ్చికకు మన తోసే యంత్రం చాలు, అది అరరోజు పనే, దాని కోసం వెనక పిల్లల మీదికి రాళ్ళు తేలేమన్నాడు.

"అయితే ఇదే తెప్పిద్దాం," అందామె.

డ్రైవరు మాత్రం రెండు రోజులు బాబాయితో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజున తనే వచ్చి, బాబాయ్ నీకు గ్రీజు పెట్టడం రాదు, నేను చూపిస్తానన్నాడు. ఆ వారం నుంచీ ఇద్దరూ శనివారాలు యంత్రం కింద పడుకుని కత్తులు బిగించుకునేవాళ్ళు.

మూడు నెలల్లో వెనక మైదానం మనుషులు నడవగలిగేలా తయారైంది. కాలికి కట్టు విప్పిన రోగుల చేత నర్సులు అక్కడే అడుగులు వేయించేవాళ్ళు. ఒక రోజు పక్క పట్నంలోని కాలేజీ వాళ్ళు తమకూ మోవర్ కొనాలని, ఆయన్ని అడిగి తెలుసుకుందామని వచ్చారు. ఏది మంచిదో చెప్పమన్నారు. ముందు మీ స్థలం చూపించండి, అప్పుడు చెబుతానన్నాడు బాబాయి. వాళ్ళ కారులో ముందు సీట్లో కూర్చుని వెళ్ళాడు. ఆటస్థలం ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు. ఒక చోట చెప్పుతో మట్టి తవ్వి చూశాడు. వాన పడితే నీళ్ళు ఎక్కడ నిలుస్తాయని అక్కడి ప్యూన్‌ను అడిగాడు. ప్రిన్సిపాలు గొడుగు పట్టుకుని ఆయన వెనకే నడిచాడు. తిరిగి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇంత ఆలస్యమేమిటని భార్య అడిగితే, చేతులు కడుక్కుంటూ మొదలుపెట్టి, కాలేజీ నేల వాలు సంగతీ, అక్కడి తుంగ సంగతీ అన్నం తింటున్నంతసేపూ చెబుతూనే ఉన్నాడు. ఆమె రెండోసారి అన్నం వడ్డించి, పీట దగ్గరికి లాక్కుని కూర్చుని, ఇంతకీ వాళ్ళకు ఏది కొనమన్నారు అని అడిగింది.