రవణమ్మ చెప్పిన రెండో ముక్క

విజయవాడలో పొద్దున్నే రైలెక్కి మధ్యాహ్నానికి చెన్నైలో దిగడం నాకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు డబ్బింగు చెప్పడానికి నెలలో సగం రోజులు కోడంబాక్కంలోనే ఉండేదాన్ని. హీరోయిన్లకు కాదు లెండి, వాళ్ల అత్తలకు. ఇప్పుడు ఇంట్లోనే ఒక గదికి చుట్టూ బొంతలు కట్టుకుని, అందులో కూర్చుని చెప్పి పంపేస్తున్నాను. ఈ ప్రయాణానికి కారణం అలా పంపిన ఒక చిన్న సినిమాయే.

చెన్నైలో ఒక కంపెనీ గాలిలో పేరుకుపోయిన కార్బన్ డయాక్సైడును తగ్గిస్తానంటోంది. పద్ధతి తేలికగానే అర్థమవుతుంది. చెట్టు పెరుగుతూ గాలిలోంచి దాన్ని పీల్చుకుంటుంది. కొట్టేసిన కొమ్మలు కుళ్లినా మండినా అది మళ్లీ గాలిలోకే పోతుంది. అవే కొమ్మలను మూసిన బట్టీలో బొగ్గు చేసి మట్టిలో కలిపితే చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. ఆ బట్టీని వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు దగ్గరి ఖాళీ స్థలంలో పెడతారట. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక వాళ్లకు చూపించడానికి తెలుగు సినిమా. సినిమా వేసే రోజు సభలో నాలుగు మాటలు మాట్లాడమని నన్నూ పిలిచారు.

ఒక్కటి మాత్రం నన్ను గుచ్చుతూనే ఉంది. ఆ సినిమాలో ఒక పెద్దావిడ తమిళంలో మాట్లాడుతుందట. నాకు పంపిన బొమ్మలో ఆమె గొంతు లేదు. కాగితం మీద ఇచ్చిన తెలుగు వాక్యం ఇది: "ఈ బట్టీ మా పేటకు రావడం మాకెంతో సంతోషం." ఆ వాక్యం అయిపోయాక కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. సినిమా తీసిన ప్రవీణ్‌కు ఫోన్ చేసి అడిగాను. హైదరాబాదు కుర్రాడు, చెన్నై వచ్చి రెండేళ్లయిందట. "ఆడ చెట్ల బొమ్మ ఏసేస్త మేడం, ఎవ్వరికీ తెల్వది," అన్నాడు. సరేలే అని ఊరుకున్నాను.

ఆరు దాటాక పినాకిని ఎక్స్‌ప్రెస్ కదిలింది. ఒంగోలు వచ్చేలోపే ఇడ్లీ తినేశాను. చట్నీ మరీ నీళ్లగా ఉంది. వెళ్లేవాళ్లు ఇంటి నుంచి కాస్త కారప్పొడి కట్టుకెళ్లడం మంచిది. తెనాలిలో ఎక్కి నా పక్కన కూర్చున్న అబ్బాయికి చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మైలాపూరులో అద్దె ఇల్లు. బట్టీ సంగతి చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"మాకు తెలుసండీ! మా వీధి వాళ్లందరం బట్టీ రావాలని సంతకాలు పెట్టాం. మా చెట్ల కొమ్మలన్నీ వాళ్లే తీసుకెళ్తారు."

"బట్టీ కూడా మీ వీధిలోనే పెడితే?"

"అమ్మో, మా దగ్గరా? పొగ రాదూ?" అనేసి, తన మాటకు తనే నవ్వుకుని కిటికీ వైపు తిరిగాడు.

ఒంటిగంట దాటాక సెంట్రల్‌లో దిగి ఎదురుగా ఉన్న హోటల్లో భోజనం చేశాను. సాంబారు వద్దన్నా పోశారు. పక్కనే లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది. వ్యాసర్పాడి జీవా అక్కడికి రెండో స్టేషనే, టికెట్టు ఐదు రూపాయలు. ఆటోవాళ్లు ఎంత ప్రేమగా పిలిచినా లొంగకండి.

సభ జరిగే హాలు ఫుట్‌బాల్ మైదానం అంచునే ఉంది. బట్టీ పెట్టబోయేది దానికి అవతలి పక్క. పెద్ద గ్లౌజులు తొడుక్కుని గోల్ దగ్గర నిలబడ్డ పిల్లను దారి అడిగితే, నా తెలుగుకు తమిళంలో జవాబిచ్చింది.

నాలుగింటికి హాలు నిండింది. ఉక్కపోతకు కిటికీలన్నీ తెరిచారు. నేను మైకులో నమస్కారాలు చెప్పాను, ప్రవీణ్ సినిమా వేశాడు. తెర మీద ఆ పెద్దావిడ కనబడి, నా గొంతుతో ఎంతో సంతోషం అనగానే ముందు వరసలోంచి ఒకామె లేచింది. చూస్తే ఆవిడే.

"నిలపండయ్యా! బొమ్మ నాదే, గొంతు ఎవురిది? ఇంత ఒయ్యారంగా నేనెప్పుడు మాట్లాడినాను?"

హాలంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను కానీ ఆమె నవ్వలేదు. పేరు రవణమ్మట. మూడు తరాలుగా వాళ్లది ఆ పేటే; ఇంట్లో తెలుగు, బయటివాళ్లతో తమిళం.

"ఆ పొద్దు నేను చెప్పింది సగమే ఈడ వచ్చింది. రెండో ముక్క యాడ పోయింది?"

ఆమెకేసి చూడాలంటే సిగ్గేసింది. ఆ పెదవులు కదలడం నేను చూశాను కదా! "ప్రవీణ్, సౌండు తీసేసి బొమ్మ మళ్లీ వెయ్యి," అన్నాను. మైకు తీసుకెళ్లి రవణమ్మ చేతిలో పెట్టి, అలవాటు కొద్దీ ఫోనులో రికార్డు నొక్కాను.

తెర మీద తన పెదవులు కదలగానే ఆమె మొదలుపెట్టింది.

"సరి, బట్టీ పెట్టుకోండి. గాలి బాగుపడతాదంటే మేమెందుకు వద్దంటాం? కానీ నా మనవరాలికి ఆయాసం. అయినా ఈ గ్రౌండులో గోల్ కీపరు. పొగొస్తే బట్టీ నిలిపే అధికారం మాకే ఉండాల. మిమ్మల్ని బతిమాలుకుంటా మీ ఆఫీసుల చుట్టూ తిరగం."

మధ్యలోనే తెర మీద చెట్లొచ్చేశాయి. ఆమె చెట్ల మీదుగానే మాట్లాడుతూ పోయింది.

కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి లేచి, "అమ్మా, పొగ రానే రాదు," అన్నాడు.

"రాకపోతే మేమెందుకు నిలుపతాం? అంత నమ్మకముంటే ఆ మాట ఇచ్చేదానికి నీకేం కష్టం సామీ?"

చప్పట్లు మోగిపోయాయి. ఆయన పైవాళ్లతో మాట్లాడి, వచ్చేవారం మళ్లీ సభ పెడతానన్నాడు. బయటికొచ్చాక రవణమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ గొంతు రొంబ బాగుంది మా. నాకే కుదరలా," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రాత్రికి కోడంబాక్కంలో పాత స్నేహితురాలి ఇంట్లో ఉండి, మర్నాడు మధ్యాహ్నం అదే పినాకినిలో తిరిగి బయల్దేరాను. గాలిని శుభ్రం చేసే పనిని ఈ ప్రయాణంలో వద్దన్నవాళ్లు నాకు ఒక్కరూ కనబడలేదు. బట్టీ పక్కన బతకబోయేవాళ్లు మాత్రం తమ మాటకు విలువ ఉండాలంటున్నారు. అది న్యాయమేననిపించింది.

సూళ్లూరుపేట దగ్గర ప్రవీణ్ ఫోన్ చేశాడు. "వచ్చేవారం సభలో మొత్తం మాట ఉండాలని కంపెనీవాళ్లన్నరు మేడం. రెండో ముక్క చెప్పి పంపుతరా? చెట్లొచ్చేలోపు అయిపోవాలె."

"చెట్లను కాస్త ఆగమను. నా గొంతు కూడా తీసెయ్," అని రవణమ్మ రికార్డింగు పంపాను. ఇన్నేళ్లలో ఒక పాత్ర చేజారినందుకు సంతోషపడడం ఇదే మొదలు.

కాసేపటికి మళ్లీ ఫోన్. "మాట మంచిగనే ఉంది మేడం. కానీ ఎనక మస్తు గోల, పిల్లలు అరుస్తున్నరు, విజిల్ ఇనబడుతంది. సాఫు చెయ్యమంటరా?"

"వద్దు, ఉండనీ," అన్నాను. ఆ పిల్లల కోసమే కదా ఆవిడ లేచి నిలబడింది.