కన్ను గీటితేనే దెబ్బ

నా చిన్నప్పుడు, సూర్యాపేటలో తొమ్మిదో తరగతి చదువుతుండగా, ఒకడి తల రెండు చెక్కలు చేశాను. నెత్తురు కాలువ కట్టింది. చూసినవాళ్లలో ఇద్దరు మూర్ఛపోయారు. మనవళ్లకు ఇప్పటికీ ఇలాగే చెబుతాను. నిజానికి చిట్లింది కనుబొమ్మ. పడినవి రెండు కుట్లు. మూర్ఛపోయింది నేనొక్కణ్ణే.

బడి నాటకంలో నేను దొర మనిషిని. నా చేతిలో తన్నులు తినే కూలివాడు పెన్‌పహాడ్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నా తరగతి పిల్లవాడు. నాటకం నేర్పేది కోదాడ నుంచి వచ్చిన మా తెలుగు సారు. ఆయన దెబ్బలను కూడా ఆటగానే నేర్పారు. కర్ర నాది, పెత్తనం వాడిది. వాడు కన్ను గీటితేనే నేను కర్ర దించాలి, అదీ తలకు జానెడు ఎత్తున ఆపాలి. ఫట్‌మనే చప్పుడు వాడే తొడ చరుచుకుని పుట్టించాలి. గీటకముందే దించితే మైదానం చుట్టూ నాకు కప్పగంతులు.

రెండు రోజులు గంతులు వేశాను. మూడోనాడు వాడు ఎంతకీ కన్ను గీటడే! ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది, భుజాలు పీకుతున్నాయి. వాడు మూతి వంకర్లు తిప్పుతుంటే అందరూ పడీ పడీ నవ్వారు.

"ఏం దొరా, చేతులు గుంజుతున్నయా?" అన్నాడు.

దించాను. "చెయ్యి జారింది సార్" అని ఏడ్చాను. జారలేదు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

మర్నాడు వాళ్ల నాయిన వచ్చాడు. "తలకాయలు పలగ్గొట్టే సదువు మాకొద్దు సార్. నా ఎంట కూలికొస్తడు తియ్యి" అంటూ కొడుకు పెట్టె భుజానికెత్తుకున్నాడు.

సారు అడ్డం నిలబడ్డారు. "ఒక్కసారి ఆ సీను చూడండయ్యా. దెబ్బ తగలదని నమ్మకం కుదిరితేనే పిల్లాణ్ణి ఉంచండి."

కర్ర మళ్లీ నా చేతికే ఇచ్చారు. కట్టుతో వాడు నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నాకొక్కడికే వినబడేట్టు అన్నాడు: "కావాలనే కొట్టినవని నాకెర్కే. ఇప్పుడు తాకిందనుకో, నా సదువు ఖతం."

కర్ర ఎత్తాను. వాడు నన్నే చూస్తూ, కట్టు లేని కన్ను గీటాడు. కర్ర దించాను. జానెడు ఎత్తున ఆగింది. ఫట్! వాడు కెవ్వుమని పడి దొర్లాడు. అంతే, ఆ తండ్రి పెట్టె పారేసి ఒక్క ఉదుటున వచ్చి నా చెంప పగలగొట్టాడు. నాలుగు పళ్లు రాలాయి. సరే, రాలలేదు, ఒకటి కదిలింది.

"నాయినా, తాకనే లేదే! ఉత్త నాటకమే!" కింద పడ్డవాడు లేచి నవ్వుతున్నాడు.

ఆయన కొడుకు తల తడిమి చూసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, నా అంత పిల్లవాడికి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది బిడ్డా. ఉత్తపుణ్యానికి కొట్టిన నిన్ను."

ఉత్తపుణ్యానికి కాదని తెలిసిన కొడుకు కింద పడ్డ పెట్టె ఎత్తుకున్నాడు. పెట్టె మళ్లీ హాస్టల్‌కు చేరింది, వాడి చదువు నిలిచింది.

ఆ రోజు తర్వాత ఎవరి మీదా చెయ్యెత్తలేదని చెబితే అది మళ్లీ నా కోతే. ఎత్తాను, కొన్నిసార్లే ఆపుకోగలిగాను. ఆపుకున్న ప్రతిసారీ ఆ జోడించిన చేతులే కళ్ల ముందుకొచ్చాయి. చేతులు దించు నాయినా, నాకు తగిన దెబ్బే కొట్టావు అని ఆ క్షణం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ మాట ఈ వయసులోనూ గొంతులోనే ఉంది.