బావిలో నీళ్ల లెక్క

తిరుపతిలో హైస్కూలు పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. గుండ్రటి తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో కట్టమంటే, వ్యాసార్ధం వదిలేసి వ్యాసాన్నే వర్గం చేసే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మంట. "కండ్లు యాడ పెట్టుకోనుండార్రా?" అని క్లాసు దద్దరిల్లేలా అరుస్తాను. అంత అరిచే నోరు నాయన ముందు మాత్రం ఇప్పటికీ పెగల్లేదు.

పోయినేడు వానలు మొహం చాటేశాయి. పాకాల దగ్గర మా ఊళ్లో నాయన రెండు వందల మామిడి మొక్కలు నాటి అప్పటికి రెండేళ్లు. బావిలో ఊట ఎప్పుడో ఆగిపోయింది, అడుగున మిగిలిన నీళ్లే వాటికి దిక్కు. ఒక ఆదివారం నేను ఊరికి వెళితే నాయన టేపూ, రాయి కట్టిన తాడూ తెచ్చి చేతికిచ్చాడు.

"ఈ నీళ్లు ఎన్ని దినాలొస్తాయో లెక్క కట్టి చెప్పప్పా," అన్నాడు.

ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇరవై అడుగులు. నీళ్ల లోతు ఏడడుగులు. ఇరవై రెండు బై ఏడులో కింది ఏడు కొట్టుకుపోతుందని సంబరపడిపోయాను. ఫోన్ కూడా తీయకుండా, గట్టు మీద కూర్చుని నోటితోనే కట్టేశాను: ఎనిమిది వేల ఎనిమిది వందల ఘనపుటడుగులు. మొక్కకు రోజుకు ముప్పై లీటర్లు పోసినా నలభై రోజులకు ఢోకా లేదు.

"నలభై దినాలా!" నాయన మొహం వెలిగిపోయింది. ఇరవై రోజుల్లో ఎట్లాగూ వానలొస్తాయని ఆయన నమ్మకం. అప్పటికప్పుడే పక్కచేను ఆమెను కేకేసి, మా మొక్కలకు పెట్టినన్ని నీళ్లు ఆమె చామంతి తోటకూ వదులుతానని మాటిచ్చాడు. "మావాడు లెక్క కట్టినాడు మా, భయం లేదు," అన్నాడు.

బుధవారం స్కూల్లో ఉండగా ఫోన్ చేశాడు. "నీళ్లు సగానికి పైగా దిగిపోయినాయప్పా."

బల్ల మీద సుద్దముక్కతో మళ్లీ కట్టాను. పదిని వర్గం చేయాల్సినచోట ఇరవైని చేశాను. బావిలో ఉన్నవి నేను చెప్పిన దాంట్లో నాలుగో వంతే. నలభై కాదు, పది రోజులు. ఇద్దరు పంచుకుంటే ఐదు. ఇంకా రెండు రోజుల నీళ్లున్నాయి. "తప్పు కట్టినాను, ఆమెకు ఆపేసి మన మొక్కలకు చెంబుతో పొయ్యి నాయనా" అంటే సరిపోయేది. బల్ల మీది అంకెల్ని అరచేత్తో తుడిచేశాను. "ఆదివారం వచ్చి సూస్తాలే," అని పెట్టేశాను.

ఆదివారానికి బావిలో బురదే ఉంది. లేత మామిడాకులు వాడి వేలాడుతున్నాయి. పక్కచేను ఆమె గట్టు మీద నిలబడి ఉంటే నాయన ఆమెతో అన్నాడు: "మావాడి లెక్క తప్పదు మా. బావికే యాడో బొక్క పడుండాది."

డెబ్బై ఏళ్ల మనిషి. నడుముకు తాడు కట్టుకుని, దాని కొస నా చేతికిచ్చి, వద్దన్నా వినకుండా రాతి మెట్ల మీద బావిలోకి దిగాడు. ఇనప చువ్వతో రాళ్ల సందులన్నీ పొడుస్తూ, మోకాలి లోతు బురదలో తిరిగాడు. పైన నాకు ఏడుపొకటే తక్కువ.

"ఈడ లేదప్పా. ఇంగ యాడుంటాదంటావు?"

చెప్పేయాలనే నోరు తెరిచాను. ఆయన తలెత్తి, నేను ఏం చెబితే అది చేయడానికి సిద్ధంగా చూస్తున్నాడు.

"తూర్పు పక్క సూడు నాయనా," అన్నాను.

నాయన తూర్పు పక్కకు జరిగి వెతకసాగాడు.