తారు పూసిన స్పోర్ట్స్ కారు

అది 2023. ఎండలు తగ్గి, తొలకరి ఇవాళో రేపో అన్నట్టున్న రోజులు. అమలాపురంలో కాలవ గట్టు పక్కనున్న నా షెడ్డులోకి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. రెండే తలుపులు, నేలకి ఆనుకుంటుందేమో అన్నంత కిందకి పొట్ట. దాని వెంట రోడ్డు వేసేటప్పుడు వచ్చే వాసన. కింద నుంచి పొగ కూడా వస్తుంటే మంటలంటుకున్నాయేమోనని బకెట్టు నీళ్ళు పట్టుకుని పరిగెత్తాను.

దిగినాయన రెండు చేతులూ అడ్డం పెట్టారు.

“పొయ్యకండి మేస్త్రి గారూ! మంట కాదండి, తారండి.”

“కారుకి తారేంటండీ?”

“మా తమ్ముడు పూసేడండి. సైలెన్సర్‌కి కూడా పూసేడు. ఏం చెప్పమంటారు!”

నాది టింకరింగ్, పెయింటింగ్ పని. సొట్టలు తియ్యడం, తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతకడం, రంగు వెయ్యడం. ఏళ్ళ తరబడి ఇదే చేస్తున్నా నాకు కుదురు మాత్రం రాలేదు. పుట్టీ, అంటే రంగుకి ముందు గుంటలు పూడ్చే ముద్ద, ఆరేదాకా కూర్చోమంటే నా వల్ల కాదు. షెడ్డంతా తిరుగుతాను, ఆరిందో లేదోనని గోటితో గిల్లుతాను, పాడుచేసి మళ్ళీ వేస్తాను. అలాంటి నాకు ఈ కారు వచ్చి ఉన్న కాస్త స్థిమితం కూడా లేకుండా చేసింది.

వచ్చినాయన వీర్రాజు గారు. దిండి దగ్గర గోదావరి లంకలో ఊరు, పడవల వాళ్ళ కుటుంబం. చాలా కాలం మస్కట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేశారు. ఆ ఇంట్లో ఇలాంటి కారే ఉండేదట. యజమాని కొడుకులు దాన్ని ముట్టుకునేవారు కాదు కాబట్టి రోజూ నడిపింది ఈయనే. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాదులో అదే కారు ఎవరికీ అక్కర్లేక పడి ఉంటే చవగ్గా కొనుక్కున్నారు. తమ్ముడి చేతిలో తాళాలు పెట్టి మళ్ళీ విమానం ఎక్కేశారు. ఈమధ్యే అక్కడి పని మానుకుని వచ్చేశారు.

ఎవరికీ ఎందుకు అక్కర్లేదో చెప్పాలి. కార్లలో జనరేషన్ అని ఉంటుంది. పేరు అదే ఉంచి, కొన్నేళ్ళకోసారి కంపెనీ రూపం మార్చి వదిలితే అది కొత్త జనరేషన్. ఈ కారుకి ముందు వచ్చిన జనరేషన్ బొమ్మల్ని కుర్రాళ్ళు గోడలకి అంటించుకున్నారు. తర్వాత వచ్చినదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మధ్యలో పుట్టిన ఇది మాత్రం ఎవరి మనసుకీ పట్టలేదు. లైట్లు కప్ప కళ్ళలా ఉన్నాయన్నారు. బరువెక్కువన్నారు. స్పోర్ట్స్ కారుకి గేర్లు వాటంతటవే పడితే ఇంక నడపడం దేనికన్నారు. దాని మొహం నాకూ నచ్చలేదు, దాచడమెందుకు.

“ఇయ్యాళ ఎవడూ దీని మొహం చూడడండి,” అన్నారు వీర్రాజు గారు. “ఓ రోజొస్తాదండి. మంచి కండిషన్లో ఒక్కటుందా అని వెతుక్కుంటా వస్తారు. చూస్తా ఉండండి.”

“ఆ రోజు వచ్చేదాకా ఇది ఉండాలి కదండీ?”

“ఆయ్. అందుకే మీ దగ్గరికి తెచ్చేనండి.”

కారుకి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే ఎంత ముద్దుగా చూసుకున్నా తుక్కే. ప్రభుత్వం లెక్కలో వింటేజ్ కారు అనిపించుకోవాలంటే యాభై ఏళ్ళు దాటాలి. పదిహేనుకీ యాభైకీ మధ్య ఉన్నది ఉత్త పాత కారు. దాని మీద ఎవరికీ జాలి ఉండదు.

అడుగు రేకు ఎలా ఉందో తేల్చడం నా పని. మామూలుగా అయితే చిన్న సుత్తితో తడతాను. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొదబొదమంటుంది. తారు మీద ఏ సుత్తీ పలకలేదు. ఎక్కడ కొట్టినా ఒకే మొద్దు చప్పుడు. కారుని ర్యాంపు మీదకి ఎక్కించి, కింద పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని, చివరికి వేడి గాలి గన్ను పట్టి తారు కరిగించి గీకడం మొదలుపెట్టాను. వీర్రాజు గారు ఇంటికి వెళ్ళలేదు. నేను అటు తిరిగితే ఆయన ఇటు తిరిగేవారు. ఇద్దరం బోనులో పడ్డ పిల్లుల్లా ఆ కారు చుట్టూ తిరిగాం.

మొదట గీకిన చోట నాకు మతిపోయింది. రేకు మెరుస్తోంది. దిండి వైపు ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, కొత్త కార్లకే రెండేళ్ళలో అడుగు పొరలు లేస్తుంది. ఇది నిన్న కంపెనీలోంచి వచ్చినట్టుంది.

“చూసేరా!” అన్నారు వీర్రాజు గారు. మొహం వెలిగిపోయింది.

ఆ మెరుపు చూసినా నా మనసు ఊరుకోలేదు. తలుపుల కింద పొడుగ్గా పెట్టెలాంటి రేకు ఉంటుంది. రన్నింగ్ బోర్డు అంటాం మేము. కారు బరువులో సగం దాని మీదే. ఎడమ వైపు దాన్ని స్క్రూడ్రైవరుతో పొడిచాను. పిడి దాకా దిగిపోయింది. లోపల్నుంచి కాఫీ రంగు నీళ్ళు నా మొహం మీద కారాయి.

కారు తలుపుల్లోకి, వాటి కిందున్న ఈ పెట్టెలోకి వాన నీళ్ళు వెళ్తాయి. వెళ్ళక తప్పదు. అద్దం సందులోంచి దిగి, కింద చిన్న చిన్న కన్నాల్లోంచి బయటికి పోతాయి. వాటిని డ్రెయిన్ హోల్స్ అంటాం. ఈ కారుకి ఆ కన్నాలన్నీ తారుతో పూడిపోయి ఉన్నాయి. కుడి వైపు కూడా అంతే. లోపల చేరిన నీళ్ళు లోపలే ఉండి పెట్టెని తినేశాయి.

వీర్రాజు గారు స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకుని ఆయనే ఒకసారి పొడిచి చూసుకున్నారు. తర్వాత ఫోన్ తీసి, “ఉన్న పళంగా రా,” అని ఒక్క ముక్క అని పెట్టేశారు.

తమ్ముడు సత్యం మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఎండకి నల్లబడ్డ మనిషి. కుడి చేతి మధ్య వేలు సగమే ఉంది, చిన్నప్పుడు జనాన్నీ బళ్ళనీ రేవు దాటించే పంటు తాడులో పడి తెగిందట. వచ్చీ రాగానే అన్నయ్య విరుచుకుపడ్డారు.

“కారుని పడవనుకున్నావేంట్రా? తారు ఎవడు పుయ్యమన్నాడ్రా నిన్ను?”

“ఉప్పుగాలికి పోద్దని పూసేనన్నయ్యా. ఏటా నావకి పూసినప్పుడు దీనికీ పూసేను. కొబ్బరి దుంగలేసి లేపి పూసేను.”

“కన్నాలెందుకు మూసేవు?”

సత్యం అన్నయ్యని కాక నన్ను చూశాడు, నిజంగా అర్థం కానట్టు.

“కన్నం కనపడితే మూయకుండా ఎలాగుంటామండీ?”

నాకు నవ్వొచ్చింది, వెంటనే గుండె కలుక్కుమంది. పడవ మనిషికి చిన్నప్పట్నుంచీ తెలిసింది ఒకటే, నీళ్ళు లోపలికి రానివ్వకూడదని. వచ్చిన నీళ్ళకి దారి వదలాలని కారు కోరుకుంటుంది. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు గనక?

“చంపేసేవురా దాన్ని,” అన్నారు వీర్రాజు గారు. “మేస్త్రి గారూ, ఇంక గీకకండి. తుక్కుకి ఇచ్చేద్దారండి.”

“ఇంక నీ కారు జోలికి రాను లేన్నయ్యా,” అని సత్యం బండెక్కి వెళ్ళిపోయాడు.

గీకొద్దన్నారు కానీ ఆ మాట వినడం నా స్వభావంలో లేదు. సగం తెలిసి ఆగిపోతే నాకు అన్నం సయించదు. ఆయన బయట అరుగు మీద తల పట్టుకుని కూర్చుంటే నేను మళ్ళీ కిందకి దూరాను. బయట చినుకులు మొదలై రేకు కప్పు మీద దబదబా పడుతున్నాయి. ఇంజిన్ వెనకాల, బ్రష్ దూరని ఒక ఇరుకులో లైటు పెట్టి చూశాను. అక్కడ తారు బ్రష్‌తో పూసింది కాదు. వేళ్ళతో అదిమింది. తారు వేడిగా ఉన్నప్పుడే అదమాలి, చల్లారితే అంటదు. వేళ్ళ గుర్తులు గట్టిపడి అలాగే ఉన్నాయి. నాలుగు వేళ్ళు, అందులో మధ్యది సగమే.

“వీర్రాజు గారూ, ఓసారి రండి,” అని పిలిచాను.

“ఇంకా ఏం పోయిందండీ?”

“పోయింది కాదండి. పడుకుని చూడండి.”

ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడుకుని లోపలికి జరిగారు. లైటు నేనే పట్టుకున్నాను. ఆయన తన వేళ్ళు తీసుకెళ్ళి ఆ గుర్తుల మీద ఆనించారు.

“చెయ్యి కాలుద్ది కదండీ,” అన్నారు.

“కాలుతుందండి.”

బయటికి వచ్చి చొక్కా కూడా దులుపుకోకుండా ఫోన్ చేశారు. “ఒరే సత్యం, భోజనం చేసేవా?” అని అడిగారు. అటు నుంచి ఏమన్నాడో గానీ, “వాన తగ్గేక బయల్దేరు. ఇద్దరం ఇక్కడే తిందాం,” అన్నారు.

రెండు పక్కలా రన్నింగ్ బోర్డులు కోసేశాను. మందపాటి రేకు వంచి, కొత్త పెట్టెలు కట్టి వెల్డింగ్ పెట్టాను. కన్నాలు పాతవాటి కొలతకే వేశాను. సత్యం ప్రతి రోజూ వచ్చి కూర్చునేవాడు. సైకిలు చక్రం పుల్ల ఒకటి చేతికిచ్చి, వాన పడినప్పుడల్లా కన్నాల్లో దీంతో పొడవాలని చెప్పాను. “కన్నం తియ్యడానికి కూడా పుల్లుంటాదా!” అని నవ్వాడు. తారు మిగతా చోట్ల గీకేసి కంపెనీవాళ్ళు వాడే అండర్ కోటింగ్ కొట్టాను. ఆ ఇరుకు దగ్గరికి వచ్చేసరికి వీర్రాజు గారు అడ్డం పడ్డారు.

“అక్కడ ముట్టుకోకండి.”

“రేపు కొనేవాడు వస్తే వంక పెడతాడండి. ఇలాంటి కార్లు వెతికేవాళ్ళకి అంతా ఒరిజినల్‌గా ఉండాలి.”

“పెట్టనీయండి.”

కారు ఫిట్‌నెస్ నెగ్గింది. దాని మొహం నాకు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు కానీ, రోడ్డు మీద కనపడితే ఆగి చూస్తున్నాను. ఆ జనరేషన్‌కి ఎప్పటికైనా విలువ వస్తుందా అంటే నాకు తెలియదు. ఈ కారు నాకు నేర్పింది వేరే ఉంది. జనం ఇప్పుడు ఎగబడే పాత కార్లన్నీ ఎవరికీ అక్కర్లేని కొన్నేళ్ళు దాటుకుని వచ్చినవే. ఆ ఏళ్ళలో వాటిని నిపుణులెవరూ చూసుకోలేదు. ఎవరో ఒకరు, తమకి తెలిసిన పనితో, తెలిసీ తెలియక కాపాడుకొచ్చారు. అందులో కొంత పాడు కూడా చేశారు.

ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అలాంటి కార్ల కోసమే వెతుకుతున్నాడట. వీర్రాజు గారు కారు తెస్తే, నా షెడ్డులోనే దాని కింద పడుకుని అంతా చూసి, ముచ్చటపడి, చివర్లో ఆగిపోయాడు.

“అంతా బాగుందండీ. ఇంజిన్ వెనకాల ఈ తారేంటి? ఇది ఒరిజినల్ కాదు కదా?”

నేను ఏదో సర్దిచెప్పబోయాను. వీర్రాజు గారు నన్ను ఆపి, తాళాలు జేబులో వేసుకున్నారు.

“కారు కంపెనీదండి. తారు మా తమ్ముడిదండి. రెండూ ఒరిజినలేనండి.”