దండాసి బీరు పులిసిన వైనం

గిడ్డంగి పని మానేశాక దండాసికి పొద్దు గడవడం గగనమైపోయింది. నడుము పోయిన మనిషికి యాంగోన్‌లోని బోటాటౌంగ్ రేవులో పని ఎవరిస్తారు? మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని వాళ్ల మూడో అంతస్తు ఇంటిని నడుపుతున్నది భార్య దుర్గాంబ. వీధి చివర దోసెలు పోస్తుంది. బర్మావాళ్లు వాటిని తోషే అంటారు. కుర్చీలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే మొగుడి మీద ఆమెకు కోపం లేదు, దిగులుంది.

అలాంటివాడు ఫోనులో చూసి ఇంట్లోనే బీరు కాస్తానన్నాడు. ఆమె దుంపలు ఉడికించే పెద్ద కరెంటు కుండ మీద కన్నేశాడు. ముదిరాక ముచ్చట్లు! అయినా ఇచ్చింది. తొలి కాపు నోట పెట్టలేనంత పుల్లగా తేలింది. తేలదూ మరి? దోసెల పిండి కలిపే గరిటెతోనే దాన్నీ కలిపాడు మహానుభావుడు.

"ఇంకొక్కసారే మావా. ఈసారీ పాడైతే నా కుండ నాకిచ్చీ," అంది. కుండ పోతే మళ్లీ ఆ కుర్చీయే గతి అని దండాసికి తెలుసు.

రెండోసారి గరిటెతో సహా అన్నీ వేడినీళ్లతో కడిగాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పలుకుగా ఆడించి తెచ్చాడు. పాత దోమతెరతో కుట్టిన సంచిలో పోసి, కుండలోని వేడినీళ్లలో ముంచాడు. నీళ్లు మరగకూడదు, చల్లారకూడదు. గంటసేపు అదే వేడి నిలిస్తేనే గింజలోని తీపి నీళ్లలోకి దిగుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యాంగోన్‌లో కరెంటు చుట్టం లాంటిది, రాకపోకలు దాని ఇష్టం.

దండాసి కూలబడ్డాడు. "అయిపోనాది దుర్గా."

ఆమె పక్క మీది బొంత తెచ్చి కుండకు చుట్టింది. "చలికాలంలో పిండికి కప్పనేటి?"

గంట తర్వాత నీళ్లు తియ్యగా ఉన్నాయి. కరెంటు వచ్చాక చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి మరిగించాడు. చల్లార్చి ఈస్టు వేసి, బక్కెట్టులో పోసి, వేడెక్కకుండా దానికి తడి గోనె చుట్టి మూల పెట్టాడు. నురగ అణిగాక సీసాల్లోకి వంపాడు. కొన్ని వారాలకు తాగేందుకు సిద్ధమైంది. తొలి గ్లాసు దుర్గాంబకే ఇచ్చాడు.

జన్మలో బీరు ఎరగని మనిషి. ఒక గుక్క చప్పరించి, "పులిసినాది," అంది.

దండాసి ప్రాణం ఉసూరుమంది. లేచి వెళ్లి, కుండను శుభ్రంగా తుడిచి ఆమె ముందు పెట్టాడు.

"ఇదేటి?"

"నీ కుండ నీకే."

"ఓరి దేవుడా! పొద్దున్నే పిండి పొంగితే ఏటంటాను? పులిసినాదనే కదా సంబరపడతాను!" దుర్గాంబ ఇంకో గుక్క తాగి, మూతికంటిన నురగ తుడుచుకుంది. "కుండ ఉంచుకో మావా. దుంపలకి ఇంకోటి చూసుకుంటాను."