ఆయన ఎత్తుకుపోయిన అచ్చు

బిడ్డ పెళ్ళి చేసి అత్తగారింటికి పంపాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. సిద్దిపేటలో మా వాడ మహిళా సంఘం గదిలో మధ్యాహ్నాలు చదువు చెప్పేవారు. చెప్పేది మా ఎదురింటి కోడలు, డిగ్రీ చదివిన పిల్ల. మొదటి రోజు పలక మీద సున్నాలు చుట్టించింది. మర్నాడు వచ్చి, "అత్తమ్మలూ, ఇయ్యాల అచ్చులు నేర్సుకుందాం" అంది.

అక్కడున్న వాళ్ళలో సగంమందిమి నేత ఇళ్ళవాళ్ళం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో అందరికంటే పెద్దామె నోరు ఊరుకోదు.

"అచ్చులు నువ్వు మాకు నేర్పుతవా పిల్లా? నీ పెండ్లిచీరె నేసిన మగ్గానికి అచ్చు అతికింది నేనే!"

అందరూ పడీపడీ నవ్వారు. పాపం ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నేను కూడా ఒక మాట కలిపాను. "మా ఇంట్లనైతె అచ్చే లేదు. మా ఆయన ఎత్కపోయిండు." ఇంకా నవ్వారు. ఆ సంగతిని నవ్వులాటగా చెప్పడం అప్పటికి నాకు అలవాటైపోయింది.

అచ్చులంటే చదువుకున్నవాళ్ళకు అ, ఆ, ఇ, ఈ. మాకు అచ్చు మగ్గం మీది వస్తువు. పడుగు దారాలు ఒక్కొక్కటే దూరి వచ్చే దువ్వెన లాంటి పన్నె, దాని వెనక పోగులను పైకీ కిందికీ ఆడించే దారపు కళ్ళు, వాటిలో మిగిలిపోయిన పాత దారాల కొసలు, అంతా కలిపి అచ్చు. నేసిన బట్టను కోసుకున్నా ఆ కొసలను మాత్రం తీయరు. కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతుకుతారు. మా ఇళ్ళలో అది ఆడవాళ్ళ పని. అచ్చు ఉన్నదంటే మగ్గం ఆగింది గానీ పోలేదని లెక్క. దాన్ని కోసి తీసేశారంటే ఆ ఇంట్లో ఇక నేత లేదు, నేసేవాడు మళ్ళీ ఆ మగ్గంలో కూర్చోడు.

మా ఆయన దాన్ని కోసుకుని పోయాడు.

అప్పటికి మాకు నూలు రావడం తగ్గింది. మేం రోజుల తరబడి నేసే బొమ్మల చీర లాంటిదే మిషన్ మీద దిగి బజారులో చవకగా దొరుకుతుంటే మా చీర కొనేదెవరు? వాడలో మగవాళ్ళు ఒక్కొక్కరే భివండికి, అక్కడి మరమగ్గాల మీద పనికి బతుకపోయారు. వలస అన్న మాట నేను తర్వాత చదువుకున్నాను. మేం బతుకపోవడం అనే అంటాం. ఆయన కూడా పోతానంటూనే ఉన్నాడు, ఎప్పుడన్నది మాత్రం తేలలేదు. ఒకరోజు నేను ఆటోలో వాడ ఆడవాళ్ళతో కలిసి చింతమడకకు నాట్లకు పోయాను. పొద్దుగూకి వచ్చేసరికి బిడ్డ గడపలో కూర్చుని ఉంది.

"బాపు పోయిండమ్మా. జాగ ఖాళీ ఉన్నది, ఇయ్యాలనే బయల్దేరుమని ఫోను జేసిన్రట. నీకు జెప్పుమన్నడు."

కాళ్ళకు బురద కూడా కడుక్కోకుండా మగ్గం దగ్గరికి పోయాను. అచ్చు లేదు. కత్తిరించిన దారాల తునకలు మగ్గం గుంటలో పడి ఉన్నాయి. అది నేను అతికిన అచ్చు. అప్పటికి ఎన్నో పడుగులు దాని మీదే నడిచాయి. అంటే, మళ్ళీ రావద్దనుకునే పోయాడు. నోటితో చెప్పలేక కత్తెరతో చెప్పి పోయాడు. నాకు అలాగే అర్థమైంది. మా వాడలో ఎవరికైనా అలాగే అర్థమవుతుంది.

చేరినాక ఫోను చేశాడు. "జేరిన" అన్నాడు. "మంచిది" అన్నాను. "తిన్నవా?" అన్నాడు. "తిన్న" అన్నాను. అచ్చు సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. అడిగితే ఆ మాట నోటితోనే అంటాడని నా భయం.

బిడ్డ పెళ్ళికి వచ్చినప్పుడు మగ్గం గుంట పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

"గీ గుంట పూడ్పిద్దాం. ఎవలన్న కాలు జారి పడ్తరు."

"ఉండనీ."

"దేనికి? నేసెటోళ్ళెవలున్నరు గీడ?"

"ఉండనీ అంటున్న గద" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అక్షరాలు మొదలుపెట్టిన వారం ఫోన్లో కావాలనే దెప్పాను. "నేను అచ్చులు పట్టుకున్న, ఎరికేనా?" అవతల చాలాసేపు మిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత మెల్లగా, "ఏ అచ్చులు?" అన్నాడు.

"అ ఆ ఇ ఈ. సదువు నేర్సుకుంటున్న."

"ఓ, గా అచ్చులా!" అని నవ్వాడు. బరువు దిగిన మనిషి నవ్వినట్టు నవ్వాడు. "నేర్సుకో, మంచిగ నేర్సుకో. నాక్గూడ నేర్పుదువుగని."

ఎందుకు అంత నవ్వాడో నాకు తెలియలేదు.

రోగం వచ్చి దేశమంతా బందు పెట్టినప్పుడు మరమగ్గాలు ఆగిపోయాయి. మా వాడవాళ్ళు లారీలు ఎక్కి, కొంతదూరం నడిచి ఇళ్ళకు చేరారు. ఆయన రాలేదు.

"అందరొస్తుండ్రు. నువ్వెందుకు రావు?"

"వస్త. మిషిన్లు సురువైతయట. జర పనిజేసి వస్త. ఉత్త చేతులతోని ఎట్ల రావాలె?"

"నీ ఉత్త చేతులు నాకు కొత్తనా?"

దానికి దగ్గే జవాబు. అంతకు ముందు నుంచే ఉన్న దగ్గు అది. మిషన్లు మళ్ళీ నడిచాయి గానీ ఆయనకు దమ్ము అందలేదు. అక్కడి దవాఖానలోనే పోయాడు. తెచ్చే దారి లేక అక్కడే దహనం చేశారు. చేసింది ఆయనతో ఒకే గదిలో ఉన్న మా వాడతను. నాకు వరసకు మరిది. తర్వాత అతను ఊరికి వచ్చి ఒక సంచి ఇచ్చి పోయాడు. లుంగీలు, అంగీ, కళ్ళద్దాలు, బిడ్డ పెళ్ళి ఫోటో. సంచిని తిరగేసి దులిపాను. ఇంకేం ఉంటుందని దులిపానో ఆ రోజు ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

ఆ ఎండాకాలం గుంటలో మట్టి పోయించి, మీద బండలు పరిపించాను. మగ్గం కట్టెను అడిగినవాళ్ళకు ఇచ్చేశాను.

మొన్న ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఏదో విశ్వవిద్యాలయంలో పెద్ద చదువు చదువుతోంది. చేనేత ఎట్లా పోయింది, మా దిక్కువాళ్ళు మరమగ్గాలకు ఎట్లా చేరారు, బందు తర్వాత వాళ్ళ గతి ఏమైంది, దీని మీద పుస్తకం రాస్తోందట. రోగానికి ముందు భివండి పోయి అక్కడి మగవాళ్ళతో మాట్లాడింది. ఇప్పుడు వాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ తిరుగుతోంది. మాట సముద్రం దిక్కుది. మెత్తగా, మర్యాదగా ఉంది. ఆయన పోయాడని నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు.

తర్వాత నన్ను ఓదార్చాలనేమో, "మీవారు అక్కడ చదువు నేర్చుకునేవారు కదమ్మా. అచ్చుల పుస్తకం తెచ్చుకున్నానని నాతో చెప్పారు. అది నా పుస్తకంలో కూడా రాశాను" అంది.

నేర్పుదువుగని అన్న మనిషి నాకోసం ఆగకుండా తనే మొదలుపెట్టాడా? నేను ఇక్కడ పలక మీద అ దిద్దుతుంటే, ఆయన ఆ చప్పుళ్ళ మధ్య దిద్దాడా? ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

"ఆయన గొంతు ఉందమ్మా నా దగ్గర. వింటారా?" అని ఆ అమ్మాయి ఫోను నా ముందు పెట్టింది.

ముందు మిషన్లు వినిపించాయి. వాటి మీదుగా ఆయన అరుస్తున్నాడు. ఇంట్లో గొంతెత్తని మనిషి. ఆ చప్పుడులో చెవులు మందగించి ఉంటాయి. ఊరి నుంచి ఏం తెచ్చుకున్నారని ఆ అమ్మాయి అడుగుతోంది.

"ఏం తెస్తం బిడ్డా! రెండు లుంగీలు, దుప్పటి. ఆఁ, అచ్చు తెచ్చిన."

"అచ్చులా?"

"అచ్చు. మా ఆమెకు జెప్పకుండ తెచ్చిన. జెప్తె ఇయ్యది. ఆమె నాట్లకు పోతది, ఇంట్ల ఎలుకలు కొర్కుతయి. నా తాన ఉంటె, ఇంటికి పోవాలెనని యాదుంటది."

"మరి ఇంటికెళ్ళాక ఏం చేస్తారు?"

"నాదేమున్నది? ఆమెనే అతుకుతది. ఆమె లెక్క అతుకుడు ఎవ్వలతోని గాదు."

అక్కడ ఎవరో ఆయన్ని పిలిచారు. చప్పుడు పెరిగింది. ఆ అమ్మాయి ఇంకేదో అడిగింది. నేను మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టింది. నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే మెలి తిరుగుతున్నాయి.

"చివర్లో ఏమన్నారమ్మా? ఆమెనే చదువుతది అన్నారనుకున్నాను" అందా అమ్మాయి.

"అతుకుతది అన్నడు బిడ్డా" అన్నాను. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నెమ్మదిగా అచ్చంటే మా ఇళ్ళలో ఏమిటో చెప్పాను. ఆయన దాన్ని కోసుకుపోతే ఇక మళ్ళీ రాడని అనుకున్నానని చెప్పాను. మా పలక చదువులో కూడా మొదట్లో ఇదే మాట దగ్గర తడబడ్డామని చెబితే, ఏడుస్తూనే నవ్వింది.

"నేను తప్పు రాశానమ్మా. సరిచేస్తాను."

"సరే. నీ పుస్తకంల ఆయన ఎటు దిక్కుంటడు?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"పోయినోళ్ళను ఎట్లెట్ల లెక్కవెట్టినవు?"

"తిరిగి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు అని."

"ఆయనను రానోళ్ళల్ల వెడ్తవా?"

"అవునమ్మా" అంది, మెల్లగా.

"ఆయన వచ్చెటోడే బిడ్డా."

"తెలుసమ్మా. కానీ ఆ లెక్క మార్చే వీలు లేదు. రాలేదు కాబట్టి రానివాళ్ళలోనే ఉంటారు. ఆయన అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను."

అబద్ధం చెప్పి నన్ను ఊరడించనందుకు ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. "రాయి" అన్నాను. బస్టాండు దాకా ఆటో మాట్లాడి పంపాను.

తర్వాత మరిదికి ఫోను చేశాను. అతను మళ్ళీ భివండిలోనే ఉన్నాడు.

"మరిదీ, మీ అన్న తాన ఒక అచ్చు ఉండెనా?"

"ఉండె వదినె. దుప్పట్ల సుట్టి తలకింద వెట్టుకునేటోడు. మేం పరాష్కం జేసేటోళ్ళం, వదినెను గీడికి గూడ తెచ్చుకున్నవా అన్నా అని. జర సిగ్గువడి నవ్వెటోడు."

"గిప్పుడేడున్నది?"

"ఆయన మీదనే వెట్టిన వదినె, కట్టెల మీద. నేసెటోడు గద, ఆయనది ఆయనతోనే పంపాలె అన్కున్న. నీకు జెప్పాలెనని తట్టలే. తప్పు జేసిన్నా?"

"లేదయ్యా. మంచిగ జేసినవు" అన్నాను. నిజంగా మంచే చేశాడు. నేతవాణ్ణి అలాగే సాగనంపాలి. దగ్గరుంటే నేనూ అదే చేసేదాన్ని. కానీ అది నా వేళ్ళ కోసం దాచిన అచ్చు. నేను ఇక్కడ కోపం దాచుకున్నన్నాళ్ళూ ఆయన అక్కడ దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

ఇది రాస్తున్నది మగ్గం ఉండిన జాగలోనే. ఉండనీ అని ఆయన అన్న గుంట మీద బండలున్నాయి. చల్లగా, సాపుగా ఉన్నాయి. నేసేటప్పుడు ఆయన ఇక్కడే కూర్చుని కాళ్ళు లోపలికి దింపుకునేవాడు. అతికేటప్పుడు నేను ఆయన దిక్కు తిరిగి, ఎదురుగా అచ్చు ముందు కూర్చునేదాన్ని. ఇవాళ ఆయన వైపున కూర్చున్నాను. కాళ్ళు దింపబోతే బండ తగిలింది.